తృప్తి చాలని తెల్లమాత్ర

మాత్రల అట్టని కత్తెరతో గళ్ళుగళ్ళుగా కోస్తున్నాను. ఒక్కో గడిని పాత క్యాలెండరు కాగితం ముక్కలో చుట్టి, పైన స్కెచ్‌పెన్నుతో కోడిపుంజు బొమ్మ వెయ్యాలి. పుంజు అంటే పొద్దున వేసుకోవలసిందని గుర్తు. మా నాయనమ్మకు చదువు రాదు, కానీ పుంజుని గుర్తుపడుతుంది. తోక సరిగ్గా రాకపోతే "ఇది పెట్ట గదంటే" అని తిప్పి పంపిస్తుంది.

ఆ రోజు పదకొండు పుంజులు వేశాను. పన్నెండో పుంజుకి మాత్ర లేదు. నిజానికి ఆ పదకొండు కూడా మా ఇంట్లో ఉండకూడనివి. ఎందుకు ఉండకూడదో చెప్తాను.

మా నాయనమ్మ పేరు ఆదెమ్మ. రెండేళ్ళ కిందట మిరపకాయలు చెరుగుతూ చేతిలో చాట వదిలేసింది. "చాట జారిందిలే" అంది. అంటుంటే నోరు ఒక పక్కకు పోతోంది. మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేసే ఎస్తేరు సిస్టర్ పరిగెత్తుకొచ్చి చూస్తే బీపీ రెండొందల పది. పెద్దాసుపత్రిలో ఆరు రోజులు ఉంచుకుని నోరు చక్కబరిచి పంపారు. అప్పట్నించీ రోజుకొక తెల్లమాత్ర. చిన్నగా, గుండ్రంగా, మధ్యలో గీతతో ఉంటుంది. అది మొదలుపెట్టాక బీపీ నూటముప్ఫై దగ్గర బుద్ధిగా కూర్చుంది. సిస్టర్ నెలకొకసారి చేతికి పట్టీ బిగించి కొలిచి "భేష్ పెద్దమ్మా" అంటుంది. నాయనమ్మ వెంటనే "ఏం భేషులే, ఏదో ఇట్టా పోతావుంది" అంటుంది.

ఆ ఒక్క మాట వల్ల ప్రభుత్వానికి ఎంత పని పడిందో ఎవరూ ఊహించలేరు.

నిరుడు ఎండాకాలంలో పౌర ఔషధ సంతృప్తి పథకం వచ్చింది. ఊరికొక తృప్తి మిత్ర కావాలన్నారు. నేను ఇంటర్ పాసై ఇంట్లోనే ఉన్నాను. ఎక్కువ మాట్లాడను కాబట్టి ఎదుటివాళ్ళ జవాబులు సరిగ్గా వింటానని సిస్టర్ నా పేరు రాసి పంపింది. మండల కేంద్రంలో ఒక రోజు శిక్షణ ఇచ్చారు. జిల్లా ఔషధ సంతృప్తి సమన్వయాధికారి చక్రధరరావుగారు స్వయంగా వచ్చి మాట్లాడారు.

"ఇన్నాళ్ళూ మనం ఏం చేశాం? రోగం తగ్గిందా లేదా అని చూశాం. అది వైద్యుడి అహంకారం. రోగం తగ్గడమనేది శరీరానికి సంబంధించిన అంశం. తృప్తి చెందడమనేది పౌరుడికి సంబంధించిన అంశం. ఈ శాఖ శరీరాలకు జవాబుదారీ కాదు. పౌరులకు జవాబుదారీ!"

అందరం చప్పట్లు కొట్టాం. వెనక వరసలో ఒక సిస్టర్ లేచి నిలబడింది. "సార్, కుక్క కరిస్తే వేసే సూది ఎవరికీ తృప్తిగా ఉండదండీ."

"అయితే ఆ సూది ఆత్మపరిశీలన చేసుకోవాలి" అన్నారు చక్రధరరావుగారు.

పని తేలికైనదే. శాఖ ఇచ్చిన ఫోనులో మూడు ముఖాలుంటాయి. నవ్వే ముఖం, ఊరుకున్న ముఖం, ఏడ్చే ముఖం. మందు వాడిన మనిషిని "బాగుందా?" అని అడిగి, జవాబుని బట్టి ఒక ముఖం నొక్కాలి. తొలి జవాబే తుది జవాబు. ప్రశ్న నేనే అడగాలని లేదు, ఎవరు అడిగినా చెల్లుతుంది. "పౌరుణ్ణి పౌరుడే ప్రశ్నించడం ఉత్తమోత్తమం" అని చక్రధరరావుగారు రాసిన నియమావళి పుస్తకంలో ఉంది. మూడు నెలల్లో సగం తృప్తి కూడా సంపాదించలేని మందును ఊరి నుంచి గౌరవంగా ఉపసంహరిస్తారు. అతృప్త పౌరుడి వద్ద మిగిలిన ఔషధాన్ని రశీదు రాసి స్వాధీనం చేసుకోవాలి. తనకు నచ్చని మందు పౌరుడి ఇంట్లో ఒక్క రోజు కూడా ఉండరాదని ఆయన పట్టుదల.

మర్నాడే ఫోను పట్టుకుని బయల్దేరాను. మొదట నరసయ్య తాత ఎదురొచ్చాడు. షుగరు వల్ల కాలికి పుండు పడి ఆర్నెల్లు మంచం మీదున్న మనిషి. మాత్రలు మొదలుపెట్టాక పుండు మానింది. ఇప్పుడు సైకిలు మీద రెండు బస్తాలు వేసుకుని ఎగువకు తొక్కుతున్నాడు.

"తాతా, షుగరు మాత్ర బాగుందా?"

"ఏం బాగులేమ్మా. ఏ పూటకి పోతానో" అన్నాడు సైకిలు దిగకుండానే.

ఏడ్చే ముఖం నొక్కాను.

తర్వాత ధనలక్ష్మి. వారం కింద జ్వరంతో కళ్ళు తేలేసిన వాళ్ళ పిల్లాడు ఆమె చంకలో కూర్చుని నా ఫోను లాక్కుని కొరుకుతున్నాడు.

"జ్వరం మందు బాగుందా వదినా?"

"యాడ బాగుంది? వీడు అట్టాగే ఉన్నాడు నీరసంగా" అంటూ వాడి మీద కొంగు కప్పింది. వాడి నోట్లోంచి ఫోను లాక్కోవడానికి ఇద్దరం కావలసి వచ్చింది.

మా వైపు ఎవరూ తమ నోటితో తాము బాగున్నామని అనరు. అంటే దిష్టి తగులుతుంది. పిల్లాడు బొద్దుగా ఉన్నాడని తల్లి అంటే సాయంత్రానికి వాడికి విరేచనాలు పట్టుకుంటాయి. పదేళ్ళుగా జలుబైనా చెయ్యలేదని మా వీధిలో కోటేశు అన్నాడు, అన్న రోజే మంచం మీంచి పడ్డాడు. అందుకని మందు ఎంత బాగా పనిచేస్తే అంత గట్టిగా మూలుగుతారు. ఇది మాకు చిన్నప్పట్నించీ తెలిసిన సంగతి. ఫోనుకి తెలియదు.

అయితే ఒంటి సంగతి చెబితేనే దిష్టి. రుచి సంగతి చెబితే ఏమీ కాదు. నారింజ రంగు ఓఆర్ఎస్ పొడికి వందకి వంద వచ్చింది. పెళ్ళిలో పానకానికి బదులు వాడామని, రెండో విడత ఎప్పుడొస్తుందని అడిగారు. ఎర్ర టానిక్కుకి తొంభై ఆరు. నొప్పుల బామ్ వాసన బాగుందన్నారు. అన్నిటికన్నా దూదికి ఎక్కువ పేరొచ్చింది.

"దీపారాధనకి వత్తులు ఎంత బాగా వస్తన్నాయో! కొట్లో దూది ఇంత శుభ్రంగా యాడుంటది?" అని ఇల్లిల్లూ నవ్వే ముఖం నొక్కించింది.

నెల తిరిగేసరికి ఎస్తేరు సిస్టర్‌కి ప్రమాదం అర్థమైంది. మందుల కోసం నిలబడ్డ వరస ముందుకొచ్చి చేతులు జోడించింది. "ఒక్కసారి బాగుందనండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"మేమంటే మా పిల్లలకి తగలదా సిస్టరమ్మా? నువ్వను" అన్నారు వరసలో వాళ్ళు.

ఆమె ఆదివారం చర్చి తప్పని మనిషి. దిష్టి అంటే నవ్వుతుంది. నేను ఫోను తీసి "మీ థైరాయిడ్ మాత్ర బాగుందా సిస్టర్?" అని అడిగాను. ఆమె నోరు తెరిచింది. వరస వంక చూసింది. "దేవుడి దయ" అంది.

ఫోనులో ఆ ముఖం లేదు.

ఇద్దరం కూర్చుని సంగతంతా ఉత్తరం రాశాం. ఇక్కడి వాళ్ళు బాగుంటే బాగోలేదంటారని, దిష్టి భయమని, దయచేసి గమనించమని. పన్నెండు రోజుల్లో జవాబుతోపాటు ఒక అట్టపెట్టె వచ్చింది. "క్షేత్రస్థాయి సూచన స్వీకరించడమైనది. ప్రతి కేంద్రమునకు సంతృప్తి రక్షణ సామగ్రి మంజూరు చేయడమైనది. నిమ్మకాయ ఒకటి, మిరపకాయలు ఏడు, నల్లదారం మూరెడు. గుమ్మమునకు వేలాడదీసిన పిమ్మట పౌరులు నిర్భయముగా తృప్తి చెందవలెను." పెట్టె దారిలో ఆలస్యమైనట్టుంది, నిమ్మకాయ ఎండిపోయింది. అయినా కట్టాం.

నరసయ్య తాత తలెత్తి చూసి అన్నాడు. "ఇది బిల్డింగుకి కట్టారు. నాకేం కట్టారు?"

మూడు నెలలు నిండాయి. షుగరు మాత్రకి పంతొమ్మిది శాతం, జ్వరం మాత్రకి ఇరవై నాలుగు. రక్తం పట్టే మాత్రకి ఏడు. మా నాయనమ్మ తెల్లమాత్రకి ముప్ఫై ఒకటి. ఆ ముప్ఫై ఒకటైనా ఎలా వచ్చిందంటే, ఊరికి కొత్తగా కాపరానికొచ్చిన పరాయి ప్రాంతం వాళ్ళు రెండు మూడు కుటుంబాలున్నాయి. వాళ్ళకింకా మా పద్ధతి అలవాటు కాలేదు.

నేను రశీదు పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగి మిగిలిన మాత్రలు వసూలు చేశాను. ఇచ్చేటప్పుడు ప్రతివాళ్ళూ "అయ్యో, అదేందమ్మా, అది లేకపోతే ఎట్టా?" అన్నారు. అలా ముందే అనొచ్చు కదా అంటే నాలిక కరుచుకున్నారు. అన్నీ ఒక పెట్టెలో సర్ది, పైన అతృప్త ఔషధములు అని రాసి జీపులో పంపాం. మా ఇంట్లో ఉన్న ఒక్క అట్టని మాత్రం రశీదు పుస్తకంలో రాయలేదు. ఆ పదకొండు పుంజులు అవే.

ఇక కేంద్రం బీరువాలో టానిక్కు, నారింజ పొడి, బామ్, దూది మిగిలాయి. వాటిని ఇష్టపడని వాళ్ళు లేరు. దాంతో మా కేంద్రం తృప్తి తొంభై ఎనిమిది శాతానికి ఎక్కి జిల్లాలో మొదటి స్థానంలో నిలిచింది. మిగతా రెండు శాతం ఎవరని ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. కాలి పుండు మళ్ళీ పగిలిందని, దానికి టానిక్కు పనిచెయ్యలేదని అన్న నరసయ్య తాత అని చెప్పాను. "అతనికి రెండు సీసాలివ్వండి" అన్నారు.

పదకొండు పుంజులూ అయిపోయాయి.

నేను బస్సెక్కి టౌనుకి వెళ్ళి మందుల షాపులో అడిగాను. అదే మందన్నారు, కాకపోతే కంపెనీ వేరు. మాత్ర గులాబీ రంగులో ఉంది. తెల్లది ఇప్పుడు తమ షాపుకి రావడం లేదన్నారు. నాయనమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇది నాది కాదు."

"అదే మందు నాయనమ్మా. పేరొకటే."

"పేర్లు మనుషులకి. మాత్రకి రంగే గుర్తు. ఎవురిదో తెచ్చి నా నోట్లో ఎయ్యబాక."

పొడిచేసి మజ్జిగలో కలిపాను. గ్లాసు ఎత్తి వెలుతురుకు పట్టి చూసి, లేచి వెళ్ళి కరివేపాకు మొక్కకి పోసింది. ఆ మొక్కకి బీపీ తగ్గే ఉంటుంది. నాయనమ్మకి మాత్రం నాలుగో రోజు నూటయాభై ఎనిమిది. వారానికి నూటడెబ్బై. తొమ్మిదో రోజు నూటఎనభై నాలుగు. సిస్టర్ "భేష్" అనలేదు. పట్టీ విప్పి ఊరికే మడతపెట్టింది.

ఆ తర్వాత సిస్టర్ నియమావళి పుస్తకం మొత్తం చదివి ఒక దారి కనిపెట్టింది. ఉపసంహరించిన మందును వాడే ఏ పౌరుడైనా కెమెరా ముందు "నేను పూర్తి ఆరోగ్యంగా ఉన్నాను" అని చెబితే దాన్ని పునఃప్రవేశ వాంగ్మూలం అంటారు. ఒక్క వాంగ్మూలం చాలు, ఆ మందు ఊరికి తిరిగొస్తుంది. సమన్వయాధికారి సమక్షంలో చెప్పాలి. ఆయన ఎలాగూ మొదటి స్థానం శాలువా కప్పడానికి వస్తున్నారు.

రెండు రోజులు నాయనమ్మకి నేర్పాను.

"నేను పూర్తి ఆరోగ్యంగా ఉన్నాను. అను."

"అంటే ఉంటానా?"

"ఉత్తుత్తినే అను."

"ఉత్తుత్తినే అంటే ఉత్తుత్తినే తగులుద్దా? నాకు నువ్వొక్కదానివి ఉన్నావు. నా నోటితో నేను ఎట్టా అంటా?" అంది.

ఆయన వచ్చే రోజు పొద్దున నీళ్ళ గ్లాసు నాయనమ్మ చేతిలోంచి కింద పడింది. వంగి తియ్యబోయాను. "గ్లాసు జారిందిలే" అంది. నేను ఆమె నోటి వంక చూశాను. ఇంకా సరిగ్గానే ఉంది.

పదకొండు గంటలకు జీపు మా ఇంటి ముందే ఆగింది. చక్రధరరావుగారు బూట్లు విప్పి లోపలికొచ్చారు. వెనక శాలువా పట్టుకుని ఎస్తేరు సిస్టర్. ఆ వెనక సగం ఊరు. గుమ్మం నిండిపోయింది, కిటికీ నిండిపోయింది. కేంద్రం గుమ్మానికున్న శాఖవారి నిమ్మకాయని ముందే తెచ్చి మా గుమ్మానికి కట్టి ఉంచాం. నేను ఫోనుని స్టాండు మీద పెట్టి వీడియో మొదలుపెట్టాను.

"అమ్మా, మీరు ఈ జిల్లాకు ఆదర్శ పౌరురాలు కాబోతున్నారు" అన్నారాయన నాయనమ్మ పక్కన నవారు మంచం మీద కూర్చుంటూ. "నాలుగే నాలుగు ముక్కలు. నేను పూర్తి ఆరోగ్యంగా ఉన్నాను. చెప్పండి."

"నేను..." అంది నాయనమ్మ.

"ఆఁ. మీరు..."

"నేను ఏదోలే నాయనా. ఇట్టా పోతావున్నా."

"పర్వాలేదు. ఇది ప్రశ్న కాదు, వాంగ్మూలం. ఎన్నిసార్లయినా చెప్పవచ్చు. మళ్ళీ!"

ఏడుసార్లు అయింది. ఒకసారి "పూర్తి" దాకా వచ్చి దగ్గింది. ఇంకోసారి "ఆరోగ్యం" అని, "ఆ మాట ఎందుకులే" అని ఆగిపోయింది. ఎనిమిదోసారికి చక్రధరరావుగారి నుదుటి మీద చెమట పట్టింది. కణతలు నొక్కుకున్నారు. "వ్యవస్థ మీ ముంగిటికి వచ్చి మిమ్మల్ని తృప్తి చెందమని వేడుకుంటుంటే, తృప్తి చెందడానికి మీకున్న అభ్యంతరమేమిటి?" అన్నారు. తర్వాత గడియారం చూసుకుని, చొక్కా జేబులోంచి ఒక మాత్రల అట్ట తీసి, నా వైపు చెయ్యి చాపారు. "కాస్త మంచినీళ్ళమ్మా."

నీళ్ళిచ్చాను. ఆయన మాత్ర నొక్కి అరచేతిలో వేసుకున్నారు. చిన్నది, గుండ్రటిది, తెల్లటిది.

"మధ్యలో గీతుంది" అంది నాయనమ్మ. ఆయనతో కాదు, నాతో.

ఆయన మింగి గ్లాసు కింద పెట్టాక అడిగింది. "అది ఏం మాత్ర నాయనా?"

"బీపీకమ్మా."

"ఎన్నాళ్ళ నించి ఏసుకుంటన్నావు?"

"ఆరేళ్ళు దాటింది."

"బాగుందా?"

ఇంట్లో మనిషిని అడిగినట్టు అడిగింది. ఆయన కూడా మూతి తుడుచుకుంటూ ఇంట్లో మనిషికి చెప్పినట్టే చెప్పారు.

"ఏం బాగులే అమ్మా. ఏదో, అలా నడుస్తోంది."

గుమ్మంలో ఎవరో "అంతేగా మరి" అన్నారు సానుభూతిగా.

నేను స్టాండు మీంచి ఫోను తీసి ఏడ్చే ముఖం నొక్కాను. అది టింగుమంది.

"ఏమిటది?" అన్నారు చక్రధరరావుగారు.

"మీ జవాబు సార్" అన్నాను. నాకు అధికారులతో మాట్లాడటం అలవాటు లేదు, అందుకని పుస్తకంలో ఉన్నదే చెప్పాను. "తొలి జవాబే తుది జవాబు. ఎవరు అడిగినా చెల్లుతుంది. పౌరుణ్ణి పౌరుడే ప్రశ్నించడం ఉత్తమోత్తమం."

ఎస్తేరు సిస్టర్ శాలువాని మంచం మీద పెట్టి, నా సంచిలోంచి రశీదు పుస్తకం తీసింది. అట్టలో మాత్రలు లెక్కపెట్టింది. "పద్నాలుగున్నాయి సార్. ఇక్కడ సంతకం."

"ఇది నా సొంత మందు!"

"సొంతమా, సర్కారుదా అని రూల్లో లేదండి. అతృప్త పౌరుడి వద్ద మిగిలిన ఔషధం అనే ఉంది. ఒక్క రోజు కూడా ఉండరాదని ఉంది. మీరు రాసిందే."

"నేను అధికారిని."

"అధికారి పౌరుడు కాదని రాసుకోమంటారా సార్?"

కిటికీలో తలలు ఇంకాస్త దగ్గరికి జరిగాయి. ఆయన సంతకం పెట్టారు. మంచి సంతకం, కింద రెండు గీతలతో.

"అతృప్త ఔషధాల పెట్టె మీ ఆఫీసుకే పంపించేశాం" అంది సిస్టర్. "కొత్తది వచ్చేదాకా ఎవరో ఒకరు జాగ్రత్త చెయ్యాలి." అని, ఆ అట్ట తీసుకెళ్ళి నాయనమ్మ చేతిలో పెట్టింది. నాయనమ్మ గుప్పిట మూసింది. ఆ చెయ్యి దేన్నీ జారవిడిచేటట్టు లేదు.

"అమ్మా" అన్నారాయన గొంతు తగ్గించి, "అది నాకు రోజూ కావాలి."

"నాకూ రోజూ కావాలి నాయనా." అంది నాయనమ్మ. "దానికేముంది. ఆ నాలుగు ముక్కలూ నువ్వే చెప్పు. ఏసుకునేవాళ్ళు ఎవురు చెప్పినా చాలంటగా? నీ మాత్ర నీకిచ్చేస్తా, నా మాత్ర ఊరికొచ్చిద్ది. నరసయ్య మాత్ర సంగతి తర్వాత చూసుకోవచ్చు."

సిస్టర్ నా వైపు చూసింది. నేను ఫోనుని మళ్ళీ స్టాండు మీద పెట్టి ఆయన వైపు తిప్పాను.

చక్రధరరావుగారు కాలరు సర్దుకున్నారు. గొంతు సవరించుకున్నారు. "నేను" అన్నారు, సభలో మాట్లాడే గొంతుతో. "పూర్తి..."

అప్పుడాయన చూపు గుమ్మం మీద పడింది. నరసయ్య తాత కర్ర మీద ఆనుకుని చూస్తున్నాడు. ధనలక్ష్మి చూస్తోంది. ఆమె చంకలో పిల్లాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అంతమందిలో ఒక్కరూ రెప్ప వెయ్యడం లేదు.

"చెప్పండి సారూ" అన్నాడు నరసయ్య తాత. "మీకేం తక్కువ, రాయిలాగుంటిరి!"

చక్రధరరావుగారు ఉలిక్కిపడ్డారు. ఎడమచెయ్యి తనంతట తనే కుడి మణికట్టు దగ్గరికి పోయింది. అక్కడ, గడియారం పట్టీ కింద, సన్నటి నల్లదారం ఉంది. సిస్టర్ చూసింది, నేనూ చూశాను.

"అమ్మాయ్" అంది నాయనమ్మ, గుప్పిట విప్పి అట్టని నా ఒడిలో పడేస్తూ. "ఈయన చెప్పేదాకా ఊరికే కూచోటం ఎందుకు. పుంజులెయ్యి."

నేను కత్తెర తీశాను. మొదటి గడి తెగి టప్పున కింద పడింది. చక్రధరరావుగారు దాని వంక చూశారు, నిమ్మకాయ వంక చూశారు, తెరిచిన నోరు మెల్లగా మూశారు. తర్వాత లేచి, బూట్లు చేత్తో పట్టుకుని, జనం జరిగి ఇచ్చిన దారిలో నిమ్మకాయ కింద తల వంచి, ఇంట్లోంచి వెళ్ళిపోయారు.